సుబ్బులక్క గెలిచిన పందెం

వరదయ్యపాళెం,
12 జూన్ 2024

సుబ్బులక్కకు,

ప్రభువు దయవల్ల నేను, మా ఆయన ఏబెల్ ప్రాణాలతో ఉన్నాము. క్షేమం అని రాయడానికి మాత్రం చెయ్యి రావడం లేదు.

పోయిన శుక్రవారం మెస్సులో సాంబారు గుండిగ దించుతుంటే కుడి మోకాలు మడతపడి కూలబడ్డాను. కాగే సాంబారు నా పాదానికి జానెడు దూరంలో పారింది. శ్రీసిటీ ఫ్యాక్టరీలకు పోయే ఆడపిల్లలు రెండొందల మంది తినే మెస్సు అది, నీకు తెలుసు కదా. కాంట్రాక్టరు బాలచంద్ర వచ్చి చూసి, "నిలబడి వండలేకపోతే ఇప్పుడే చెప్పు మే, ఇంకొకర్ని సూసుకుంటా" అన్నాడు. మోకాలు ఎట్లుందని అడగలేదు.

డాక్టరమ్మ దగ్గరికి పోయాను. ప్రసన్నకుమారి అని, కొత్తగా వచ్చింది, చిన్న వయసు. కాటా ఎక్కిస్తే తొంభై నాలుగు కిలోలు. మాత్రలు రాస్తుందనుకుంటే రాయలేదు. "తినేది తగ్గించాల. ఆకలైనప్పుడే తినండి. కడుపు నిండకముందే ఆపేయండి" అంది. తర్వాత ఇంకో మాట అడిగింది. "మీకు ఆకలి ఎట్లా తెలుస్తుందమ్మా?"

యాభై రెండేళ్ల దాన్ని, జవాబు తెలియలేదు. గడియారం చూసి తింటాను. ఉప్పు చూడాలని తింటాను. మిగిలితే పారేయలేక తింటాను. ఆకలి చివరిసారి ఎప్పుడు వేసిందో గుర్తు లేదు.

ఒంటరిగా అయితే నా వల్ల కాదు. నువ్వూ ఆ ఒళ్లు మోయలేక మోస్తున్నావు కదా. ఇద్దరం పందెం వేసుకుందాం. ఎవరెంత తగ్గారో నెలనెలా రాసుకుందాం. ఏమంటావు?

నీ గ్రేసీ


నగరి,
3 జూలై 2024

గ్రేసీకి,

నీ ఉత్తరం చూసి మీ బావ కుప్పయ్య, "సెల్లు ఫోనుల కాలంలో మీకీ పిచ్చేంది మే" అన్నాడు. ముప్పై ఐదేళ్లు మరమగ్గాల మోతలో నానిన చెవులు నావి. ఫోను పెట్టుకుంటే డబ్బాలో ఈగ తిరిగినట్టుంటుంది. మెసేజీ పెడితే మునికుమార్ చదువుతాడు, కోడలు చదువుతుంది. కడుపున పుట్టినవాడైనా సరే, మన మాటలు వాడికెందుకు? మనకు కాగితమే మేలు.

నీ మోకాలు తలచుకుంటే భయమేసింది. పందానికి సరే. మగ్గాల షెడ్డులో నూలు మూటలు తూచే కాటా మీది నుంచి బేలు దింపించి నేనెక్కాను. ఎనభై ఒకటి. పక్క మగ్గం పెంచలయ్య ఏదో అన్నాడు, అందరూ నవ్వారు. వినపడకపోయినా పెదవులు చూస్తే తెలుస్తుంది నాకు. "బేలు కంటే అక్కే బరువుండాది." చిన్నప్పుడు నువ్వూ నేనూ పక్కపక్కన కూర్చుని నూలు కండెలు చుట్టేటప్పుడు మొదలైన మాట, బస్తా అని. నిన్నెవరైనా అంటే నేను కొట్టేదాన్ని. నన్నంటే నువ్వు ఏడ్చేదానివి.

నేను గెలిస్తే నువ్వు నగరికి రావాలి. నువ్వు గెలిస్తే నేనొస్తా. ముందే చెప్తున్నా, గెలిచేది నేనే. ఎండాకాలం నుంచి అన్నం మీదికి మనసు పోవడం లేదు. సంగటి సగం ముద్దకే పక్కకు నెట్టేస్తున్నా.

నీ అక్క
సుబ్బులు


వరదయ్యపాళెం,
5 ఆగస్టు 2024

సుబ్బులక్కకు,

కిలోన్నర. అంతే. నవ్వుకో.

ఇంత కష్టమని తెలిస్తే పందెం మాటే ఎత్తేదాన్ని కాదు. రోజూ తెల్లారి పొంగలి దించగానే నా చెయ్యి దానంతట అదే గంటె మీదికి పోతుంది. ఇప్పుడు ఆ చేతిని తీసి కడుపు మీద పెట్టుకుని అడుగుతున్నాను, నీకు కావాలా అని. కడుపు మాట్లాడదు. నోరు మాట్లాడుతుంది. వద్దని చెప్పడానికి దేవుడి బలం కావాలి.

నేను నగరికి రాకముందు ఆడపిల్లల హాస్టల్లో ఉన్నాను కదా. గంట కొడితే అన్నం తట్టలు తీసేసేవాళ్లు, తిన్నా తినకున్నా. ఇప్పటికీ ఎవరో నా తట్ట లాక్కుంటారన్నట్టే మింగుతున్నానని మొన్న తెలిసింది. నమలడం నేర్చుకుంటున్నాను ఈ వయసులో. ఏబెల్ ఫ్యాక్టరీ గేటు డ్యూటీ నుంచి వచ్చి నా ఎదురుగా కూర్చుంటాడు. "నిదానం. తట్ట యాడికీ పోదు" అంటాడు.

మొన్న ఆదివారం ఓడిపోయాను. చర్చి నుంచి వచ్చి బిర్యానీ తిన్నాను. ఎంతని అడగవద్దు. ఆ తర్వాత ఏడ్చాను.

బాలచంద్ర వంటగదికి ఇంకొకామెను తెచ్చాడు. నాకు సాయమట. ఆమె నా గుండిగలన్నీ లెక్కపెట్టినట్టు చూస్తోంది. నిలబడాలి అక్కా. ఎట్లయినా నిలబడాలి.

నీ గ్రేసీ


నగరి,
10 సెప్టెంబరు 2024

గ్రేసీకి,

డెబ్బై ఐదు! కాటా ముల్లు పెంచలయ్యకు కూడా చూపించాను. ఈసారి నవ్వలేదు.

నా పాత రవికలన్నిటికీ కోడలు లోపలికి కుట్లు వేసింది. వీధిలో ఆడవాళ్లు ఆపి అడుగుతున్నారు, ఏం తింటున్నావక్కా అని. ఏమీ తినడం లేదు అంటే నమ్మరు. మీ బావ నన్ను అదోలా చూసి, "పెండ్లినాటి సుబ్బులు తిరిగొచ్చినట్టుండాది" అన్నాడు. పెళ్లినాడు కూడా నేను లావే. అయినా ఆ మాట బాగుంది.

నువ్వు ఎందుకంత అవస్థ పడుతున్నావో నాకర్థం కాదు. రెండు ముద్దలు తిను, చెయ్యి కడుగు. నాకు రెండో ముద్దకే గొంతుదాకా నిండినట్టుంటుంది. తర్వాత ఇంత మజ్జిగ. అదే మందు.

బస్తా అన్న నోళ్లు మూతపడ్డాయి గ్రేసీ. ఇది చూడటానికే ఇన్నేళ్లు బతికానేమో అనిపిస్తోంది.

నీ అక్క
సుబ్బులు


వరదయ్యపాళెం,
6 అక్టోబరు 2024

సుబ్బులక్కకు,

నిజం రాస్తున్నాను, కోపం తెచ్చుకోకు. నీ ఉత్తరం చదివి చించేయబోయాను. నాలుగు నెలలు నోరు కట్టుకుంటే నేను తగ్గింది మూడున్నర కిలోలు. నీకేమో నీళ్లు జారినట్టు జారిపోతోంది. మీ నూలు కాటా సరిగ్గా ఉందా అని కూడా అనుకున్నాను. చూశావా, ఎంత పాపిష్టి మనసో.

కానీ ఒకటి జరిగింది. పోయిన బుధవారం పని ఒత్తిడిలో పొద్దున ఏమీ తినలేదు. పదకొండు గంటలప్పుడు బియ్యం కడుగుతుంటే పక్కటెముకల కింద ఏదో కదిలింది. ఖాళీగా, మెత్తగా, ఎవరో తలుపు తట్టినట్టు. నోట్లో నీళ్లూరాయి. వట్టి అన్నం వాసన అంత బాగుంటుందని ఎప్పుడూ తెలియలేదు. ఇదే కదా అనుకున్నాను. తట్టలో కొంచెమే పెట్టుకుని కూర్చున్నాను. సగం దాటాక దానంతట అదే ఒక నిట్టూర్పు వచ్చింది. ఆపేశాను. ఆపగలిగాను!

నీకది ఎట్లుంటుంది అక్కా? పొద్దునా, మధ్యాహ్నమా? పొట్టలోనా, తలలోనా? నువ్వు నాకంటే ముందు నేర్చుకున్నావు కదా. వివరంగా రాయి. నేర్చుకుంటాను.

నీ గ్రేసీ


నగరి,
2 నవంబరు 2024

గ్రేసీకి,

అరవై తొమ్మిది.

ఆకలి ఎట్లుంటుందంటే అందరికీ ఉన్నట్టే ఉంటుంది. దాన్నేం రాయాలి?

దసరా తర్వాత షెడ్డులో పని ఎక్కువగా ఉంది. మీ బావకు కంటి శుక్లం తీయాలన్నారు, అందుకని ఆయన మగ్గం కూడా నేనే చూసుకుంటున్నా. అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకు, కూర్చుంటే నడుము నిలవడం లేదు. క్రిస్మస్‌కు మేము మీ ఇంటికి రాలేము. నువ్వు కూడా ఇప్పుడు రావద్దు. తీరిక లేదు.

సుబ్బులు


వరదయ్యపాళెం,
17 నవంబరు 2024

సుబ్బులక్కకు,

ఈ ఉత్తరం అందిన రోజే జవాబు రాయి. నిన్న డాక్టరమ్మ దగ్గరికి పోయాను. ఎనభై తొమ్మిదిన్నర వచ్చాను. "బాగా చేస్తున్నారు" అంది. నేను ఊరుకోక, "మా అక్క నా కంటే గట్టిది, పన్నెండు కిలోలు తగ్గింది, కష్టమే లేదంట" అన్నాను. రాస్తున్న పెన్ను కింద పెట్టింది.

"ఆమె కావాలని తక్కువ తింటోందా? లేకపోతే తినలేకపోతోందా?"

"రెండు ముద్దలకే గొంతుదాకా నిండుతుందని రాసిందమ్మా."

"ఆకలి అవుతుందంటనా?"

నీ ఉత్తరాలన్నీ సంచిలోనే ఉన్నాయి. అక్కడే తీసి మొదటి నుంచి చదివాను. ఎండాకాలం నుంచి మనసు పోవడం లేదన్నావు, పందానికి ముందే. ఆకలి గురించి నేను అడిగితే తప్పించుకున్నావు. ఇంతకాలం నేను చదివిందేంటి? ఎన్ని కిలోలు అన్నది తప్ప ఏమీ చదవలేదు.

డాక్టరమ్మ ఒకటే చెప్పింది. "ఆకలి తెలిసి తగ్గించుకుంటే మంచిదమ్మా. ఆకలి లేకుండా ఒళ్లు కరిగిపోతుంటే అది జబ్బు. ఆమెను తీసుకురండి, ఆలస్యం చేయొద్దు."

వాంతులు అవుతున్నాయా? కడుపులో నొప్పి ఉందా? దొడ్డికి నల్లగా పోతోందా? సిగ్గుపడకుండా రాయి. తిరుపతి పెద్దాసుపత్రికి నేను తోడు వస్తాను.

గ్రేసీ


నగరి,
24 నవంబరు 2024

గ్రేసీ,

నీకు కళ్లు కుట్టాయి. అంతకు మించి ఏమీ లేదు.

జన్మంతా నన్ను బస్తా అన్నారు. ఇప్పుడు నాలుగు రోజులు మనిషిలా నడుస్తుంటే ఓర్వలేక జబ్బు అంటున్నావు. ముక్కూ మొహం తెలియని డాక్టరుకు నా ఉత్తరాలు చదివి వినిపించావు. మన మాటలు మనకే ఉండాలని రాసిన కాగితాలవి. మా వాడికి కూడా చూపించనివి.

నాకేం జబ్బు లేదు. నువ్వు ఓడిపోయావు, ఒప్పుకో. ఇక ఉత్తరాలు రాయవద్దు. రాసినా విప్పను.

సుబ్బులమ్మ


పుత్తూరు బస్టాండు,
2 డిసెంబరు 2024

అక్కా,

ఇది పోస్టులో వేయడం లేదు. నగరి బస్సు వచ్చేలోపు బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. మీ గడపలో నిలబడి నేనే నీ చేతికిస్తాను. నోటితో చెప్తే నీకు వినపడదు, నా పెదవులు చూడకుండా మొహం తిప్పుకుంటావు. కాగితం ఇస్తే మాత్రం చదవకుండా ఉండలేవు. నీ సంగతి నాకు తెలుసు.

బాలచంద్రను సెలవు అడిగితే, "ఈరోజు పోతే మళ్లీ రావొద్దు" అన్నాడు. గంటె అక్కడే పెట్టి వచ్చేశాను. ఇది నీ మీద పెట్టడానికి రాయడం లేదు. నేను తిరిగిపోయే తొందరలో లేనని నీకు తెలియాలని రాస్తున్నాను.

కళ్లు కుట్టాయన్నావు. అవును, కుట్టాయి. అక్టోబరులో కుట్టాయి. ఆ కుళ్లే లేకుంటే నీ సంగతి ఒక నెల ముందే తెలిసేది నాకు. ఆ నెల నిన్ను తినేసిందేమోనని నిద్ర పట్టడం లేదు. నన్ను కొట్టు, తిట్టు. తర్వాత చెప్పులేసుకుని బస్సెక్కు.

పందెం నువ్వే గెలిచావు. గెలిస్తే నన్ను రమ్మన్నావు. వచ్చాను. ఈ కాగితం వెనకవైపు ఖాళీగా ఉంది. నిజం రాసి ఇవ్వు. అంతవరకు గడప మీది నుంచి లేవను.

గ్రేసీ


(అదే కాగితం వెనకవైపు)

తలుపు తీసేసరికి నువ్వు నన్ను చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నావు. నేనెట్లున్నానో అప్పుడు తెలిసింది. ఇంట్లో అద్దం చూడటం మానేసి నెలైంది.

నువ్వు అడిగినవన్నీ ఉన్నాయి. తిన్నది సాయంత్రానికి పైకి వచ్చేస్తుంది. షెడ్డు వెనక కాలువ దగ్గర కక్కుకుంటాను, మగ్గాల మోతలో ఎవరికీ వినపడదు. నల్లగా పోవడం వినాయక చవితి నుంచి. నిన్న మగ్గం దగ్గర కళ్లు తిరిగి పడ్డాను. దారం చూసుకుంటూ కూర్చున్నానని అబద్ధం చెప్పాను.

మా పెద్దక్క రాజమ్మ కడుపు నొప్పని ఆసుపత్రికి నడిచి పోయింది. జబ్బు పేరు చెప్పారు. నలభై రోజులకు నలుగురు మోసుకొచ్చారు. ఆ పేరు వినకపోతే అది లేనట్టే అనుకున్నా. ఒళ్లు తగ్గిందని అందరూ మెచ్చుకుంటుంటే, ఇది మంచిదేనేమో, పందెం వల్లేనేమో అని నాకు నేనే చెప్పుకున్నా. కొన్నిరోజులు నిజంగానే నమ్మాను.

ఆకలి ఎట్లుంటుందని అడిగావే, ఆరోజు చాలాసేపు కూర్చుని ఆలోచించాను. గుర్తు రాలేదు. అప్పుడే భయం పట్టుకుంది. ఆ భయమే నీ మీద కోపంగా రాశాను.

వస్తా. మీ బావకు మాత్రం చెప్పవద్దు.

(కింద, వేరే చేతివ్రాత)

చెప్తాను. నువ్వు చీర మార్చుకో.


నగరి,
20 ఫిబ్రవరి 2025

గ్రేసీకి,

పడుకునే రాస్తున్నా. వరసలు కిందికి జారితే సర్దుకో.

తిరుపతి ఆసుపత్రిలో ఆపరేషను రోజు నువ్వు వరండాలో ప్రార్థన చేస్తూ మోకాళ్ల మీద కూర్చున్నావని మునికుమార్ చెప్పాడు. ఆ మోకాళ్లతోనా! వాడు లేపబోతే, "ఉండు నాయనా, ఇంకొంచెం ఉండాది" అన్నావంట.

కడుపు సగానికి పైగా తీసేశారు. కడుపు కింది ద్వారం దగ్గర గడ్డ ఉందంట, అందుకే ఏదీ లోపలికి దిగలేదు. ఇంకో రెండు మూడు నెలలు ఆగి ఉంటే చేయడానికేం ఉండేది కాదని పెద్ద డాక్టరు మీ బావకు చెప్పాడు. ఆయన ఆ మాట నాకు చెప్పలేక కాగితం మీద రాసి ఇచ్చాడు. మందు ఎక్కించడం మొదలుపెట్టారు. ఇంకా మూడు నెలలుంది. అది అయ్యాక కానీ ఏమీ చెప్పలేమంటున్నారు. ఆ 'కానీ' దగ్గరే రోజులు గడుస్తున్నాయి.

యాభై ఆరు కిలోలున్నా. ఇప్పుడు పెరగమంటున్నారు. రెండు గంటలకోసారి ఇన్ని చెంచాలని గడియారం చూసి తినాలి. ఆకలి లేదు, రుచి లేదు. శుక్లం తీసిన కంటి మీద కట్టుతోనే మీ బావ జావ కాస్తాడు. పోట్లాడుకుంటున్నాం. "మింగు మే" అంటాడు. గిన్నె తోసేస్తా. నిన్న పడేశాను కూడా. తుడిచి, మళ్లీ జావ కాచి తెచ్చాడు. అదే తట్టుకోలేకపోతున్నా.

తినకుండా ఉండటానికి నువ్వు పడ్డ కష్టం ఇప్పుడు తెలుస్తోంది. తినడానికి కూడా అంతే కష్టముంటుందని ఎవరు అనుకున్నారు?

నీ అక్క
సుబ్బులు


వరదయ్యపాళెం,
9 మార్చి 2025

సుబ్బులక్కకు,

గిన్నె పడేశావని చదివి నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది. పడేయి, మళ్లీ తిను. ఆకలి లేదని తినడం మానకు. నీ కడుపు ఇప్పుడు నిజం చెప్పడం లేదు. అది నేర్చుకునేదాకా గడియారం మాటే విను.

బాలచంద్ర మళ్లీ పిలవలేదు. మెస్సు పిల్లలు అడిగారంట, వంట మారిందని. అయినా పిలవలేదు. మొదటి నెల చాలా దిగులుపడ్డాను. ఇప్పుడు ఇంటి ముందరే ఇడ్లీ పోస్తున్నాను. ఫ్యాక్టరీ బస్సు ఆగే చోటు కదా, షిఫ్టుకు పోయే పిల్లలు పొట్లాలు కట్టించుకుంటారు. మెస్సులో వచ్చినంత రాదు. ఏబెల్ స్టూలు ఎత్తు సరిచేసి ఇచ్చాడు, కూర్చునే పోస్తాను.

ఎనభై ఆరున్నర. ఎవరికీ చెప్పలేదు, నీకే రాస్తున్నాను. నువ్వట్లా ఉంటే నేను తగ్గానని సంతోషపడటానికి నోరు రావడం లేదు. కానీ మెట్లు ఎక్కుతున్నాను అక్కా. ఆకలైతే తింటాను, తగ్గగానే లేస్తాను. కొన్నిరోజులు తప్పుతాను. తప్పిన రోజు ఏడవడం మానేశాను.

తోబుట్టువులు లేనిదాన్ని. నువ్వు లేకుంటే నేను ఉత్తరం ఎవరికి రాయను? మింగు.

నీ గ్రేసీ


నగరి,
14 జూన్ 2025

గ్రేసీకి,

మందు ఎక్కించడం అయిపోయింది. మొన్న తిరుపతిలో స్కాను తీశారు. ఎక్కడా ఏమీ కనపడలేదంట. అంటే పోయిందని కాదు. మూడు నెలలకోసారి రావాలి, రెండేళ్లు చూడాలి అన్నారు. నీతో అబద్ధం ఆడనని ఒట్టు పెట్టుకున్నా కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా.

నిన్న జరిగింది చెప్తా. మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని ఉన్నా. కోడలు లోపల బొంబాయి రవ్వ వేయిస్తోంది. ఉన్నట్టుండి కుట్ల కింద ఏదో పట్టి లాగినట్టయింది. ఒళ్లంతా చెమట పట్టింది. మళ్లీ వచ్చింది, అంతా అయిపోయింది అనుకున్నా. మీ బావ మొహం చూడగానే కనిపెట్టి, "యాడ నొప్పి? ఆటో పిలుస్తా, ఉండు" అని చెప్పులు కూడా లేకుండా వీధిలోకి పరుగెత్తాడు. చెయ్యి అక్కడే పెట్టుకుని కూర్చున్నా. లాగుతోంది, వదులుతోంది. నోట్లో నీళ్లూరుతున్నాయి. నొప్పికి నీళ్లూరవు కదా!

ఆయన ఆటో తెచ్చేసరికి చెప్పాను. "నొప్పి కాదబ్బా. ఉప్మా ఇంత పెట్టించు."

"ఏందీ?" అన్నాడు.

"ఆకలేస్తా ఉండాది."

ఆటో అబ్బాయి మమ్మల్ని ఇద్దరినీ వింతగా చూశాడు. మీ బావ లోపలికి పోయి ఎంతసేపటికీ రాలేదు. కోడలు గిన్నె తెచ్చి నా చేతికిచ్చి, ఆయన వంటింట్లో గోడవైపు తిరిగి నిలబడి ఉన్నాడని సైగ చేసింది. నేను పిలవలేదు. ఉండనీలే అనుకున్నా.

వేడివేడిగా ఉంది. ఎక్కువ ఉప్పు వేసింది, అయినా బాగుంది. ఆరు చెంచాలు తిన్నాను. ఇక చాలనిపించింది. చెంచా గిన్నెలో పెట్టేశాను.

నీ అక్క
సుబ్బులు